బొండకొయ్యలో కొత్త కంత

పొద్దున్నే సిద్ధయ్య చేసే మొదటి పని ఉలి నూరుకోవడం. ఉదయగిరిలో గరిటెలు, తెడ్లు చెక్కి బతికిన ఒంటి మనిషి. ధాత నామ సంవత్సరపు కరువులో కుండలో కలియబెట్టేదే లేకపోయె, ఇక తెడ్డెవరు కొంటారు? అందుకని ఆత్మకూరు దోవలో ఉన్న ఈ ఊరికొచ్చి మునసబు జనార్దనయ్య చెప్పిన పనల్లా చేస్తున్నాడు. చావడి ముందర బొండకొయ్య చేసింది అతనే. రెండు మద్ది దుంగలు, నడుమ కంతలు. కాళ్ళు పెట్టించి పైదుంగ దించి చీల కొడితే మనిషి కదల్లేడు. తెల్లదొరల చట్టం ప్రకారం అది కింది కులాల కాళ్ళకే.

ఆ కొయ్యకొక గుణం ఉంది. తప్పు లేనివాళ్ళకు శిక్ష వేసినప్పుడల్లా దానికదే ఇంకో కంత పడుతుంది. "ఇయ్యాల మళ్ళీ పడిందమ్మే" అనుకుంటూ ఆడవాళ్ళు నీళ్ళకు పోతారు. సిద్ధయ్య దానికి బిరడా కొట్టి, నున్నగా చిత్రిక పట్టి, మునసబు దగ్గర దోసెడు రాగులు తీసుకుంటాడు. అతని తిండి అదే.

ఆ రోజు కొయ్యలో కామమ్మ ఉంది. ధాన్యం బండి పోయినాక దుమ్ములో రాలిన జొన్నలు ఏరుకుందని, పొద్దు గుంకేదాకా శిక్ష. ఆత్మకూరులో కంకర కొట్టే కరువు పనికి పేర్లు రాసేదీ పొద్దు గుంకేదాకానే. అక్కడికి ఆమడ దూరం నడవాలి. ఆ పని దొరక్కపోతే గుడిసెలో పడున్న బిడ్డ దక్కదు.

"ఏంది మామా, నా పేరన గూడా పడిందే?"

"పడిందిలే. కదలబాక, మూసేస్తా."

"మూసే ముందు కొలిచి చూడు. ఎవురి కాలికి పడిందో! మునసబుకి పాంకోళ్ళు చేసింది నువ్వే గదా."

నవ్వులాటకే అనింది. ఇన్నాళ్ళూ సిద్ధయ్య మూయడమే గానీ కొలవలేదు. దారం తీసి కంత చుట్టుకొలత పట్టాడు. మునసబు కాలు లావు, సరిపోలేదు. ఏమనిపించిందో, ఆ దారమే తన చీలమండకు చుట్టాడు. కొసకు కొస తగిలింది. పాత బిరడాలు కూడా కొలిచాడు. అన్నిటిదీ అదే కొలత.

"ఏందిరా నానుస్తా ఉండావు?" అరుగు మీద నుంచి జనార్దనయ్య కేకేశాడు. "రాగులొద్దా?"

"శిక్ష వేసేది నేను కాదు గదా అనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ" అన్నాడు సిద్ధయ్య.

చీల పీకి పైదుంగ ఎత్తాడు. కామమ్మ కాళ్ళు లాక్కుంది. ఆ కొత్త కంతలో సిద్ధయ్య తన కాలు పెట్టాడు. దుంగ దానికదే దిగింది. రెండు దుంగల మధ్య అతుకు కూడా కనపడలేదు.

"మామా, నీకెట్టా?"

"పో కామమ్మా. పొద్దు వాలతా ఉండాది."

"దాన్ని పట్టుకోరా!" అన్నాడు మునసబు. తలారి పిచ్చయ్య రెండడుగులు వేశాడు. దుంగలో ఇంకో కంత మెల్లగా తెరుచుకుంటోంది. పిచ్చయ్య తన కాళ్ళకేసి చూసుకున్నాడు. కర్ర కింద పెట్టి ఇంటికి పోయాడు. మునసబు ఎంత అరిచినా చావడి దగ్గరకు ఒక్కరూ రాలేదు.

ఆత్మకూరులో ఆ రోజు ఆఖరి పేరు కామమ్మది. మూడో నాడు తన కూలి గింజల్లో సగం గంజి కాచి తెచ్చింది. అప్పటికే సిద్ధయ్య తల వాలిపోయి ఉంది, ఊపిరి ఆడటం లేదు.

"మామా" అని ఆమె చెయ్యి వేయగానే, దుంగ దానికదే విచ్చుకుంది.