అవతలి అంచు

గుంటలో కాళ్లు పెడితే చల్లగా ఉంటుంది.

మగ్గం కింద మోకాళ్ల లోతు గుంట. మండే ఎండల్లోనూ అడుగున తడిమట్టి వాసన. ముప్పై ఎనిమిదేళ్లుగా అనంతమ్మ కాళ్లకు తెలిసిన చల్లదనం అదే.

ఎడమ కాలు. కుడి కాలు. టక్... టక్...

గద్వాలలో ఈ సందు నిండా ఒకప్పుడు పద్నాలుగు మగ్గాలు. ఇప్పుడు ఒక్కటి. గద్వాల జిల్లా అయింది, ఆఫీసులొచ్చాయి, కిరాయిలు పెరిగాయి. నేతగాళ్లున్న గదుల్లో ఇప్పుడు నర్సింగు చదివే ఆడపిల్లలు, విత్తనాల కంపెనీల ఉద్యోగులు. మంచివాళ్లే. పొద్దున తాళం వేసి పోతారు, చీకటి పడ్డాక తీస్తారు. వాళ్ల పేర్లు అనంతమ్మకు తెలియవు.

తెలిసిన పేరు ఒక్కటే — పక్కింటి తాజ్‌బీ.

గద్వాల చీర ఒక్కరి చేతుల మీద సాగదు. నడుమ నూలు, అంచులు పట్టు. ఇవతలి అంచుకు పోగు తీసుకెళ్లే నాడె అనంతమ్మది. అవతలి అంచు నాడె తాజ్‌బీది. ఇరవై ఏళ్లు... తాజ్‌బీ నోరు ఊరుకునేది కాదు, చెయ్యి తప్పేది కాదు.

రెండిళ్లూ మహిపాల్‌వే.

"శుక్రవారం లోపల ఖాళీ చెయ్యాలె పెద్దమ్మా. కూలగొట్టి పోర్షన్లు కడ్తున్న," అన్నాడు.

సర్కారు ఇళ్లకు ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. డ్రాలో అనంతమ్మ పేరొచ్చింది — ఊరి బయట కాలనీ, మూడో అంతస్తు. తాజ్‌బీ పేరు రాలేదు. ఆమె అయిజలో కూతురింటికి మూట కట్టింది.

"నీకన్న వచ్చింది గదా అక్కా. జర నవ్వు," అంది ఆటో ఎక్కుతూ.

అనంతమ్మ నవ్వింది. ఆటో మలుపు తిరిగేదాకా.

మూడో అంతస్తులో గుంట తవ్వలేరు. అది సరే. కానీ మగ్గం మీద చీర ఉంది. పూర్తికాని చీరను తెంపకూడదని అత్త చెప్పింది, అత్తకు వాళ్లత్త చెప్పింది.

ఇంకా మూడు రోజులు.

ఇవతలి నాడె విసిరింది. గుంటలోంచి లేచింది. మగ్గం చుట్టూ తిరిగి వెళ్లి, అవతలి నాడె విసిరింది. వచ్చి గుంటలోకి దిగింది.

ఒక్క పోగు.

మళ్లీ లేచింది.

పొద్దంతా నేస్తే బెత్తెడు. మగ్గం కర్ర పట్టుకుని లేవాల్సి వచ్చింది. అవతలి పీట దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అది ఖాళీగా ఉందని మళ్లీ కొత్తగా తెలిసేది. ఒంటరితనమంటే ఇంత నడక అని ఆమె అనుకోలేదు.

శుక్రవారం వచ్చింది. ఇంకా మూరెడు మిగిలింది. సందు మొదట్లో జేసీబీ చప్పుడు.

కత్తెర ఆమే పెట్టింది. ఇంకొకరిని పెట్టనివ్వలేదు.

కొత్త ఇల్లు బాగుంది. తెల్లటి టైల్సు, తిప్పగానే నీళ్లు. ఎదురు తలుపు మూసే ఉంటుంది. మూలన గుడ్డలో చుట్టి, మూరెడు తక్కువ చీర.

ఫోను మోగింది.

"అయ్యిందా చీర?"

"ఆఁ... అయ్యింది."

"అవతలంచు ఎవలేసిన్రు అక్కా?"

అనంతమ్మ మూలనున్న గుడ్డమూట వంక చూసింది. అటువైపు తాజ్‌బీ నోరు, మొదటిసారి, ఊరుకుంది.

కుర్చీలోంచి కాళ్లు కిందికి జారాయి. ఎడమ కాలు... కుడి కాలు...

టైల్సు చల్లగానే ఉన్నాయి. కాళ్లు ఇంకా కిందికి దిగాలని చూస్తున్నాయి.