మడతకు కుదరని గుడ్డ

ఏ డిజైనునైనా పరీక్షించడానికి సంజీవరావు మాస్టారికి ఒకటే పద్ధతి. కాగితాన్ని నట్టనడుమ మడుస్తారు. వెలుతురుకేసి పట్టుకుంటారు. ఇవతలి హంస అవతలి హంస మీద కుదురుగా కూర్చుంటే "ఊఁ" అంటారు. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, కాగితం వచ్చి మన ఒళ్ళో పడుతుంది. నెల్లూరులో డ్రాయింగు టీచర్ల ట్రైనింగుకని చేరిన నాటినుంచీ నేను ఆ మడతకు భయపడుతూనే బొమ్మలు వేశాను.

ఆఖరి పరీక్షకు వారం ముందు, జలుబుతో ముక్కు తుడుచుకుంటూనే, నా గుడ్డని కూడా ఆయన అట్లాగే మడిచారు. ఒక అంచు ఇటు పోయింది, ఒక అంచు అటు పోయింది. మళ్ళీ మడిచారు. ఈసారి మూలనుంచి మూలకి. అయినా కుదరలేదు.

"ఏందమ్మా కరుణాకుమారీ ఇది? పరదానా, పట్టుకొచ్చిన గోతామా?"

"పరదానే సార్."

"కొలత ఏదీ? మధ్యగీత ఏదీ?"

మధ్యగీత లేదు. ఆ గుడ్డ పుట్టిన చోట ఎవరికీ మధ్యగీతతో పని లేదు.

మాది మైపాడు పక్కన చిన్న పల్లె. మా అమ్మ మగ్దలీనమ్మ ఎండుచేపల గంప నెత్తినపెట్టుకుని లోపలి ఊళ్ళు తిరుగుతుంది. సముద్రం ఒడ్డున చిన్నపోలయ్య మామకి ఒక పెద్ద కొప్పెర ఉంది. నూలు వల ఉప్పునీళ్ళకి చివికిపోకుండా అప్పుడప్పుడూ తుమ్మచెక్క కషాయంలో ఉడకెయ్యాలి. ఆ చుట్టుపక్కల వలలన్నీ ఆ కొప్పెరలోకి దిగి లేచినవే. సెలవులకి ఇంటికి పోయినప్పుడు నేను ఒక ముతక గుడ్డని తాటిమొద్దుకి చుట్టి, దానిమీద చిరిగిన వలముక్క బిగించి కట్టి, మొద్దు మొత్తం కొప్పెరలోకి దించాను.

"ఏం మే, వలకి పెట్టే కసాయంలో గుడ్డ ముంచేదేంది?" అన్నాడు చిన్నపోలయ్య మామ. "పెళ్ళికూతురికా, సొరచేపకా?"

"పరీక్షకి మామా."

"అట్టయితే బాగా నానబెట్టు. పరీచ్చలో రంగు పోతే ఎట్టా?"

కట్లు విప్పి, ఒడ్డున పరిచి చూసుకున్నాను. తడి ఇసక రంగు గుడ్డ. దారం కరిచిన చోటల్లా తెల్లటి గీత. వలలో రంధ్రాన్ని మావాళ్ళు కన్ను అంటారు. ఒక కన్ను సాగి ఉంది, ఒక కన్ను ముడుచుకుని ఉంది. ఒక పక్కన వల బిగిసింది, ఇంకో పక్కన వదులైంది. నీళ్ళలోకి విసిరిన వల అలలో పడి ఎట్లా ఊగుతుందో అట్లా ఉంది. దాన్ని కాగితం మీద పెన్సిలుతో పట్టుకోవాలని నేను ఏడాదిగా చెరిపి చెరిపి కాగితాలు చిల్లులు పెట్టాను. పెన్సిలుకి దొరకనిది దానంతటది వచ్చి గుడ్డమీద కూర్చుంది. పరీక్షకి ఒక్కొక్కరూ మూడు వస్తువులు చేసి పెట్టాలి. దాన్నే మూడోదిగా పెట్టాను.

మాస్టారు చెడ్డమనిషి కాదు. నన్ను విడిగా పిలిచి మెల్లగా చెప్పారు.

"కావలి ఆడపిల్లల స్కూల్లో డ్రాయింగు టీచరు కావాలని అడిగినారు. నీ పేరు చెప్పినాను. ఈ గుడ్డ మార్చేదానికి ఇంక టైము లేదు. పెట్టేది పెట్టు. ఆత్మవిమర్శ నాడు మాత్రం, ఇది నా తొందరపాటు, కొలతలు పాటించలేదు, గురువుగారు చెప్పినా వినలేదు అని ఒప్పేసుకో. మిగతా రెండు వస్తువులూ నిన్ను గట్టెక్కిస్తాయి."

ఆత్మవిమర్శ కూడా పరీక్షే. ఎవరి పనులు వాళ్ళు ఎదురుగా పెట్టుకుని, వాటి మంచిచెడ్డలు పరీక్షాధికారికీ తోటి పిల్లలకీ చెప్పాలి. అందులో తప్పితే సర్టిఫికెట్ లేదు. మాస్టారు దాన్ని మాకు గుళ్ళో సాక్ష్యం చెప్పినట్టు నేర్పారు. ఆదివారం ఆరాధనలో మనిషి లేచి, నేను ఇంత పాపిని, ఇట్లా పడ్డాను, ప్రభువు ఇట్లా లేపాడు అని చెప్పి కూర్చుంటాడు. ఇక్కడ లేపేవారు మాస్టారు. పిల్లలంతా తప్పులు బట్టీ పట్టారు. తప్పులు లేనివాళ్ళు పక్కవాళ్ళవి అప్పు తెచ్చుకున్నారు.

ఆదివారం ఇంటికి పోయి అమ్మకి చెప్తే తేలిగ్గా తీసేసింది.

"రెండు మాటలేగా మే, చెప్పెయ్! పోయినేడాది చేపని నిన్న ఎండింది అని నేను రోజూ చెప్తా ఉండలా?"

"నువ్వు పాత చేపని కొత్తదంటావు. వాళ్ళు నన్ను కొత్త చేపని కుళ్ళింది అనమంటా ఉండారు."

అమ్మ నవ్వలేదు. తలమీది చుట్టకుదురు తీసి పక్కన పెట్టింది. ఆ చోట జుట్టు అరిగిపోయి నెత్తి కనపడుతోంది. "కావలి ఉద్యోగం వస్తే నేను ఈ గంప దించుతా. అది గుర్తు పెట్టుకో" అంది. ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. ఇప్పటికీ ఉంది.

పరీక్షనాడు గుంటూరునుంచి పరీక్షాధికారి పద్మనాభయ్య గారు వచ్చారు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చెదరని చొక్కా. ముందు కావలి పిల్ల ప్రేమలీల లేచింది. "నా ఆకు కొంచెము వంగినది. మాస్టారు దిద్దిరి. నా రంగు కొంచెము పలచన. మాస్టారు దిద్దిరి" అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి కూర్చుంది. ఆ పిల్ల వేసిన ఆకు బంగారంలాంటి ఆకు. వంగిందని ఎవరన్నారో!

నా వంతు వచ్చింది. పద్మనాభయ్య గారు నా గుడ్డ దగ్గరికి వచ్చి, రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటీ వాసన?"

నాకేమీ తెలియలేదు. ఇంతలో స్కూలు వంటింటి పిల్లి కిటికీలోంచి దూకి, నేరుగా వచ్చి నా పరదా అంచుని నాకడం మొదలుపెట్టింది. పిల్లలు నోళ్ళు మూసుకుని కిసకిసలాడారు. అప్పుడు తట్టింది నాకు. ఎన్నేళ్ళుగానో చేపల వలలు ఉడికిన కొప్పెర అది! గుడ్డని ఉతికాను, ఎండేశాను, ఇంట్లో దండెం మీద వారం పెట్టాను. మా పల్లెలో ఒక్కరికైనా వాసన తగల్లేదు. తగిలే ముక్కు మాకెవరికీ లేదు.

"మాట్లాడమ్మా" అన్నారు మాస్టారు. ఆయన మొహం నల్లబడింది.

లేచాను. అలవాటు కొద్దీ "ప్రభువు నామమున మీ అందరికీ వందనాలు" అన్నాను. వెనక బెంచీలోంచి ఎవరో "ఆమెన్" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుతో నాలో భయం ఎటో పోయింది.

"మొదటిది హంసల అంచు సార్. ఇది నాది కాదు. హంసని నేను చూడలేదు. మాస్టారిచ్చిన కాగితం పైన పెట్టి, కార్బన్‌తో ఒక పక్క దించినాను. మడిచి రుద్దితే రెండో పక్క దానంతటదే వచ్చింది. నేను చేసింది సగం. ఆ సగం గూడా మాస్టారిదే."

మాస్టారు కుర్చీలో కదిలారు.

"రెండోది మంచు పడిన దొరల ఇల్లు. మంచు నాకు తెలీదు. తెల్లగా కుప్పబోసి ఉండేది మా వైపు ఉప్పే. ఉప్పు కొఠార్లు చూసి ఏసినాను. అందుకే చలికాలం అని కింద రాసినా, పైన మిట్టమధ్యాన్నం ఎండ కాస్తా ఉండాది. ఈ రెండిటికీ నాకు క్లాసులో ఎక్కువ మార్కులొచ్చినాయి."

పద్మనాభయ్య గారు రుమాలు కొంచెం దించారు. "మార్కులొచ్చిన వాటిని నువ్వే కొట్టిపారేస్తున్నావు. మరి ఈ గుడ్డ?"

"ఇది బాగుంది సార్."

"కొలత లేదు. సౌష్ఠవం లేదు. దోషమే లేదంటావా?"

"ఉంది సార్." కింది మూల ఎత్తి చూపించాను. "ఇక్కడ కట్టు వదిలి రంగు లోపలికి పాకింది. తెల్లగీత చచ్చిపోయింది. అది నా తప్పు. ఇంకా బిగించాల్సింది. మడతకి కుదరకపోవడం మాత్రం తప్పు కాదు. రెండు పక్కలా ఒకే మాదిరి ఉండే వలని సముద్రంలో ఎవరూ చూడలేదు."

"క్షమించండి సార్, పిల్ల భయంతో ఏదో..." అంటూ మాస్టారు లేచారు.

"భయం లేదండీ" అన్నాను.

"వాసన సంగతి?" అన్నారు పద్మనాభయ్య గారు.

"అది మీ ముక్కుకి వచ్చింది సార్. నాకు రాలా. రానిదాన్ని తప్పని ఎట్టా చెప్పేది?"

పిల్లలంతా పద్మనాభయ్య గారి మొహంకేసి చూశారు. పిల్లి మాత్రం తన పని తను చేసుకుంటోంది.

మధ్యాహ్నం ఫలితాలు చదివారు. మూడు వస్తువుల్లోనూ నేను పాసు. ఆత్మవిమర్శలో తప్పాను. "అడిగింది నిన్ను నువ్వు విమర్శించుకోమని. గురువుని కాదు" అన్నారు పద్మనాభయ్య గారు. కోపంగా అనలేదు. వెళ్ళబోతూ గుడ్డ మూల ఎత్తి, నేను చూపించిన చోటు ఇంకోసారి చూసుకున్నారు. సెప్టెంబరులో మళ్ళీ వచ్చి చెప్పుకోవచ్చట. అందాకా సర్టిఫికెట్ లేదు. కావలి ఉద్యోగం ప్రేమలీలకి.

పెట్టె సర్దుకుని మెట్లమీద కూర్చున్నాను. మైపాడు బస్సుకి ఇంకా టైముంది. అమ్మ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలా అని ఆలోచిస్తున్నాను. గంప ఇంకొంత కాలం మోస్తుంది. తిడుతుంది. తిట్టనీ. అయినా ఆ రెండు మాటలూ నోటికి రావు.

ప్రేమలీల వచ్చి పక్కన కూర్చుంది. ఉద్యోగం వచ్చిన కళ మొహంలో లేదు. చేతిలో తన కాగితాల చుట్ట.

"కరుణక్కా, ఒకటి అడిగితే చెప్తావా?"

"అడుగు."

చుట్ట విప్పి మెట్టు మీద పరిచింది. "దీంట్లో నిజంగా తప్పేదో చెప్పు. మాస్టారు రాసిచ్చినవి గాదు. అవి లేవని నాకు తెలుసు."

చూశాను. ఆకు మంచి ఆకు. కాడ మాత్రం ఎక్కడినుంచీ రాలేదు, గాల్లో వేలాడుతోంది. ఆమె ఆకుని చూసి వేసింది, కాడని మాస్టారిచ్చిన కాగితంలోంచి ఎత్తింది. వేలు పెట్టి చూపిస్తూ చెప్పసాగాను. ఆమె "అవునక్కా, అవునూ" అంటూ దగ్గరికి జరిగింది. ఇంకో పిల్ల తన కాగితం పట్టుకుని వచ్చి వెనక నిలబడింది.

మాస్టారు వరండాలోకి వచ్చారు. మమ్మల్ని చూసి ఆగిపోయారు. పిల్లలు తలలు వంచుకున్నారు. ప్రేమలీల కాగితం చుట్టబోయింది. దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండు ప్రేమా, ఇంకా అయిపోలా" అన్నాను. గొంతు తగ్గించలేదు.