తొందరపడ్డ కృతజ్ఞత కూడిక

దయావతి నోట్లో నువ్వుగింజ నానదని కెనడాలో వాటర్లూ ఊరి తెలుగు క్రైస్తవ సంఘంలో అందరికీ తెలుసు. తెలియనిది ఆవిడ ఒక్కరికే. ఆ గురువారం సాయంత్రం కూతురు జెస్లిన్ గుమ్మంలో బూట్లు విప్పుతూ, "అమ్మా, నాకు నెదర్లాండ్స్‌లో జాబ్ ఆఫర్ వచ్చింది. ఇంకా వాళ్ళకి ఏమీ చెప్పలేదు, ఆలోచించుకోవాలి," అంది. ఈవిడ మొదటి ముక్క విని, రెండోది వినకుండానే వంటింట్లోకి పరుగెత్తి పాస్టరుగారికి ఫోన్ కొట్టింది.

వాళ్ళ సంఘంలో ఏ మేలు జరిగినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలి. అక్కడే స్థిరపడేందుకు పీఆర్ వచ్చినా, కారు కొన్నా, పడుతూ లేస్తూ డ్రైవింగ్ టెస్ట్ పాసైనా అంతే. పాటలు, ప్రార్థన, ఇంటివాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం, ఆ తర్వాత బిర్యానీ. జెస్లిన్ కోటు తగిలించి వచ్చేసరికి ఆదివారం సాయంత్రానికి కూడిక ఖాయమైపోయింది. వాట్సాప్ గ్రూపులో దండాలు పెట్టే బొమ్మలు వరసకట్టాయి. బ్రాంప్టన్‌లో బిర్యానీ ట్రేలకి ఆర్డరు కూడా వెళ్ళిపోయింది.

"ఇంతకీ ఏ కంపెనీయే?" అని అప్పుడడిగింది దయావతి, అన్నాల దగ్గర తీరిగ్గా.

"కంపెనీ కాదమ్మా, వర్క్‌షాప్. పైప్ ఆర్గన్లు, అదే చర్చిల్లో గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పెద్ద వాయిద్యాలు, అవి తయారు చేస్తారు, పాతవి బాగుచేస్తారు. పని నేర్పిస్తాం రమ్మన్నారు. సోమవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి."

దయావతి భర్త డేవిడ్‌సన్ నోటిదాకా తెచ్చిన ముద్ద ఆపేశాడు. బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి గొట్టాలు చేసుకుంటూ కూర్చుంటుందా? జీతం సగం కూడా రాదట. దయావతికి తల కొట్టేసినట్టయింది.

"దీనికా నేను ఊరందర్నీ పిలిచింది? ఆదివారం లేచి నిలబడి ఏమని స్తోత్రం చెప్పమంటావే?"

"శనివారం నాతో చర్చికి రా. చూశాక తిట్టు," అంది జెస్లిన్.

వాళ్ళ సంఘానికి సొంత మందిరం లేదు. ఒక పాత రాతి చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటారు. ముందు గోడంతా ఆక్రమించిన ఆర్గన్‌ని దయావతి ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది, అలంకారం అనుకుంది. మన పాటలకి కీబోర్డూ తబలా ఉంటే చాలు కదా. జెస్లిన్ శనివారాలు అక్కడికి వెళ్తుంటే పాటల ప్రాక్టీసు కాబోలని మురిసిపోయింది కూడా. నిజానికి ఆ పిల్ల హెన్రీ అనే ముసలాయన దగ్గర ఆర్గన్‌కి శ్రుతి సరిచేసే పని నేర్చుకుంటోంది. ఆయన మోకాళ్ళు మొరాయించి మానేశాక, ఇప్పుడు ఆ పని చేసేది జెస్లిన్ ఒక్కతే.

శనివారం పొద్దున ఆర్గన్ పక్కనున్న చిన్న తలుపు తీసి, "తల జాగ్రత్త," అంది జెస్లిన్.

"దీనికి లోపలొకటా?" అంటూ వంగి వెళ్ళిన దయావతి, లైటు వెలగగానే తలుపు దగ్గరే ఆగిపోయింది. అలంకారం కాదది, ఇల్లు. నడవాలు, నిచ్చెనలు, ఎటు చూసినా గొట్టాలే. పెన్నంత సన్నవి బారులు తీరి ఉన్నాయి. వెనకాల చెక్కతో చేసినవి తాటిమొద్దుల్లా కప్పుదాకా లేచి ఉన్నాయి. కింద ఎక్కడో ఫ్యాను తిరిగింది, తోలుతిత్తులు గాలి నింపుకుని మెల్లగా పొంగాయి.

తల్లి అరచేతిని పెద్ద చెక్కగొట్టానికి ఆనించి జెస్లిన్ మీట నొక్కడానికి బయటికెళ్ళింది.

ముందు ఏమీ వినపడలేదు. పాదాల కింద చెక్కలు వణికాయి. ఆ వణుకు మోకాళ్ళెక్కి, పక్కటెముకల్లో చేరి, అప్పుడు శబ్దమైంది. చర్చి మొత్తం ఒక్కసారిగా ఊపిరి తీసుకుంది. దయావతి పనిచేసేది వృద్ధుల కేర్ హోమ్‌లో. ఊపిరి ఆగడం ఎందరి మంచాల పక్కనో నిలబడి చూసింది. మొదలవడం మాత్రం ఒక్కసారే చూసింది, ఈ పిల్ల పుట్టినప్పుడు. కళ్ళు వాటంతటవే నిండిపోయాయి.

తర్వాత జెస్లిన్ తల్లిని మీటల ముందు కూర్చోబెట్టి తను లోపలికెళ్ళింది. ఆ పనికి నిజానికి ఇద్దరు కావాలి, ఇన్నాళ్ళూ మీట మీద బరువు పెట్టి ఒక్కతే నెట్టుకొచ్చింది. ఒకరు బయట మీట నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు లోపల గొట్టాన్ని సరిచేస్తారు.

"నేను చెప్పేదాకా వేలు తియ్యకమ్మా!"

జలుబు చేసిన గొంతులా గరగరమంటోంది ఆ గొట్టం. లోపల ఏదో టిక్కు టిక్కుమంది. గరగర పల్చబడింది, తూలింది, ఉన్నట్టుండి తేటపడి నిలబడింది. ఇందాకటి గొట్టమే, గొంతు మాత్రం వేరు. ఖాళీ చర్చిలో ఆ స్వరం తప్ప ఇంకేమీ లేదు. ఇది చేసింది నా కూతురా? దయావతికి భయమేసింది, పెద్దల ముందు నిలబడినప్పుడు వేసే భయం. చెప్పులు విడిచి మందిరంలో అడుగుపెట్టే అలవాటు కెనడా వచ్చాక ఆవిడకి పోయింది. కూతురు చాలనగానే వేలు తీసి, వంగి బూట్లు విప్పేసింది.

జుట్టు నిండా దుమ్ముతో బయటికొచ్చింది జెస్లిన్. "అమ్మా, నాకు భయంగా ఉంది. ఇక్కడ ఈ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, అందుకే గొప్పగా ఉంటుంది. అక్కడ అందరికీ వచ్చు. నాకేమీ రాదని తేలిపోతే? నో చెప్పేద్దామనుకుంటున్నా."

దయావతి దగ్గర సలహాలకెప్పుడూ కరువు లేదు. ఆ రోజు మాత్రం కూతురి జుట్టులో దుమ్ము దులుపుతూ నిలబడింది.

ఆదివారం ఇల్లు కిటకిటలాడింది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. "దయావతమ్మగారూ, సాక్ష్యం చెప్పండి," అన్నారు పాస్టరుగారు. "ముందు కంపెనీ పేరు చెప్పు వదినా," అంది శాంతమ్మ, ముందు వరసలోంచి.

దయావతి లేచింది. "అందరికీ వందనాలండి. నేను తొందరపడ్డాను. పిల్ల ఇంకా ఒప్పుకోలేదు. అది కంపెనీ కూడా కాదు. మన చర్చిలో ఆర్గన్ ఉంది చూశారా, అలాంటివి బాగుచేసే చోటు. జీతం తక్కువ."

గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ పట్టించుకోలేదు. "నిన్న నేను దాని లోపలికెళ్ళాను. అక్కడా..." అని ఎంత పెద్దదో చూపించబోయి, ఎత్తిన చేతులు దించేసింది. దయావతికి మాట దొరక్కపోవడం ఆ సంఘం చూడటం అదే మొదలు. వెనకాల పిల్లల అల్లరి కూడా ఆగిపోయింది.

"నా కడుపున పుట్టిన పిల్లకి అంత పని వచ్చని నాకు తెలీదండి," అంది చివరికి. "దానికే స్తోత్రం. అది వెళ్ళినా, వెళ్ళకపోయినా." గబుక్కున కూర్చుండిపోయింది.

జెస్లిన్ గోడవార నిలబడి ఉంది. పదిమందిలో మాట్లాడమంటే ఇంగ్లిష్‌లోకి జారుకునే పిల్ల. "నాక్కూడా సాక్ష్యం ఉంది," అంది తెలుగులోనే. "నాకు చాలా భయంగా ఉంది. నో చెప్పేద్దామనుకున్నా. కానీ మా అమ్మని ఇలా ఎప్పుడూ చూడలేదు. మనిషిని ఇలా చేసే పనిని నేను వదల్లేను. వెళ్తున్నాను."

ఇల్లంతా చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది దయావతే. కొడుతూ కొడుతూ మధ్యలో చేతులు ఆగిపోయాయి. ఇంత సంబరమూ కూతురు వెళ్ళిపోతున్నందుకేనని ఆవిడకి అప్పుడు తట్టింది.

జెస్లిన్ వచ్చి పక్కన కూర్చుంది. దయావతి ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ మీద గొట్టాల రేకు కోసుకున్న సన్నటి గాట్లు కనిపించాయి, కొన్ని పాతవి, కొన్ని నిన్నటివి. ఇన్నాళ్ళూ ఒక్కటీ చూడలేదు. ఆ రెండు చేతులూ ఎత్తి కళ్ళకద్దుకుంది.