కలైసెల్వి మైకు

కొత్త ఆన్‌లైన్ సర్వీసు ఏది కంటబడినా దాన్ని మా లైబ్రరీకి అంటగట్టేదాకా నాకు నిద్రపట్టదు. మా ఆయన గోవిందరాజ్ దీన్ని జబ్బంటారు. అననీ! పుస్తకాలు ముందుగా అడిగి పెట్టుకోవడానికి వాట్సాప్ నంబరు పెట్టాను, క్విజ్ పేజీ పెట్టాను, రెండూ చతికిలబడ్డాయి. ఆదివారం లెక్కల క్లాసు మాత్రం నిలబడింది. తమిళనాడు సర్కారు ఉద్యోగాల గ్రూప్ ఫోర్ పరీక్ష రాసేవాళ్ళకి విరుదునగర్ నుంచి హరికృష్ణన్ సార్ వీడియోలో ఉచితంగా పాఠం చెప్తారు. కోవిల్‌పట్టిలో మా లైబ్రరీ శాఖలో కూర్చుని నేను నడిపిస్తాను.

అందులో కలైసెల్వి ఉంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. ఉద్యోగం వస్తే ఆ అగ్గిమందు వాసన నుంచి బయటపడుతుంది. కానీ మహాతల్లి నోరు విప్పదు. మైకు ఎప్పుడూ మూసే ఉంటుంది. పోనీ టైపు చేయవే అని ఫోన్ చేసి అంటే, "నేను కొట్టేలోపు సార్ వేరే లెక్కకు పోతారక్కా" అని అరవంలో గొణిగింది. మార్కులు వారం వారం దిగిపోతున్నాయి. బద్ధకమేమోనని లోలోపల విసుక్కున్నాను కూడా.

పాత వీడియో సర్వీసు మధ్యలో తెగిపోతోందని ఒక ఆదివారం అందరినీ కొత్తదానిలోకి లాక్కొచ్చాను. అది తెరవగానే అందరి మైకులూ వాటంతటవే ఆన్ అవుతాయని చూసుకోలేదు. సార్ నిష్పత్తుల లెక్క చెప్తుండగా ఒక ముసలావిడ గొంతు ఖంగుమంది.

"ఏమే సెల్వీ, మూతి ముడుచుకోని కూసునుండావు? తెలీకుంటే ఆయన్ని అడగరాదా?"

తెలుగు! కలైసెల్వి వాళ్ళ అవ్వ సుబ్బమ్మాళ్.

"ఊరికే ఉండవ్వా. నాకేమీ అర్తం కాలా. ఈ పొద్దుతో క్లాసు నిలిపేస్తా. ఆదివారాలు కూడా పనికొస్తానని ఫ్యాక్టరీలో చెప్పేసినా."

"అడిగేదానికి నీకేమి నొప్పే?"

"మైకు తీస్తే మనింటి మాటంతా వాళ్ళకి ఇనపడుతుంది. ఇస్కూల్లో నవ్వినట్ల నవ్వుతారు."

మా ఇంట్లోనూ ఆ తెలుగు మాటే. గడప దాటగానే అరవం దానంతటదే నోటికొస్తుంది. మాది తెలుగని ఎవరూ అడగరు, మేమూ చెప్పం. మైకు ఆపే బటన్ కోసం వెతికితే ఒక పట్టాన దొరకదే! ఈలోగా ఎవరో కిసుక్కుమన్నారు. తెర మీద కలైసెల్వి తలెత్తి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంక ఈ పిల్ల మళ్ళీ రాదు అనుకున్నాను.

"పోవద్దు తల్లీ. ఏ లెక్క అర్తం కాలా?"

హరికృష్ణన్ సార్! తెలుగులో! ఇన్నేళ్ళుగా నాతో అరవమే మాట్లాడిన మనిషి.

"సార్, మీరూ..." అంది కలైసెల్వి.

"మాదీ అదే మాటమ్మా. విళాత్తికుళం పక్కన మా ఊరు. మా యమ్మ అరుపులు మీకు ఇనపడతాయని నేనూ తలుపేసుకునే పాఠం చెప్తాను."

"మా ఇంట్లోనూ ఇదే సార్!" నాకే తెలియకుండా అరిచేశాను.

కలైసెల్వి కళ్ళు తుడుచుకుంది. అడిగింది. సార్ చెప్పారు. మళ్ళీ అడిగింది. "ఇంకొక్క తూరి సార్" అని కూడా అంది. అవ్వ వెనకనుంచి కోడిని అదిలిస్తోంది, ఎవరినో పిలుస్తోంది. ఒక్కరూ మైకు ఆపమనలేదు. చివరికి లెక్క తేలింది, జవాబు కలైసెల్వే చెప్పింది.

క్లాసయ్యాక ఆ పిల్ల తెలుగులోనే నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఆదివారం పనికి రానని రేపే చెప్పేస్తా."

అమ్మయ్య! ఎంత కృతజ్ఞత పొంగిందంటే, ఎవరికి చెప్పాలో తెలియక అవ్వకు ఫోన్ ఇమ్మన్నాను.

"అవ్వా, మీకు దండం పెడతాను."

"నాకెందుకమ్మా? పిల్లని తిట్టినందుకా?"

"అవునవ్వా, అందుకే," అన్నాను ఏడుస్తూ. "వచ్చే ఆదివారం కూడా గట్టిగా తిట్టండి."