నర్మద ఎత్తు బంగారం

"ఎనభై ఎనిమిది!" అని అరిచాడు కిరాణా కొట్టు అంజన్న. అంత గొంతు చించుకోవాల్సిన పనేముంది? కాంటా పక్కనే నిలబడ్డ అత్త శంకరవ్వకు చెవుడేం లేదు. అయినా అరిచాడు. చాయ్ తాగుతున్న నలుగురూ తలలు తిప్పి చూశారు. ఏడో నెల కడుపుతో కాంటా దిగుతున్న నర్మదకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అత్త మాత్రం ఆ అంకె విని నెత్తిన చేతులు పెట్టుకుంది.

పోయినేడు నాలుగో నెలలోనే కోడలి కడుపు పోయినప్పుడు శంకరవ్వ మేడారం సమ్మక్కకు మొక్కింది. మళ్లీ కడుపు నిలిస్తే కోడలి ఎత్తు బంగారం ఇస్తానంది. అక్కడ బెల్లాన్ని బంగారమే అంటారు. ఈసారి కడుపు నిలిచింది. జాతర ఇరవై రోజులుందనగా డెబ్బై ఎనిమిది కిలోల బెల్లం తెచ్చి దేవుని అర్రలో పెట్టారు. ఆ అంకె మూడో నెలలో ఆసుపత్రి చీటీ మీద రాసింది. కడుపుతో ఉన్న మనిషి బరువు పెరుగుతుందన్న ఇంగితం ఆ ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది. ఎందుకైనా మంచిదని ఇవాళ కాంటా ఎక్కించి చూస్తే బెల్లం పది కిలోలు తక్కువని తేలింది.

"అమ్మ పేరు మీద ఒక్కసారి తెచ్చినంక మళ్ల తెచ్చి కలపద్దు," అంది శంకరవ్వ ఇంటికి వస్తూనే. "బంగారం పెరుగది. నువ్వే దిగాలె పిల్లా."

"కడుపుల బిడ్డ ఉన్నది గదత్తా."

"మాకుండలేదా? నలుగురిని కన్న, గింత లావు కాలే. కూసొని తింటె గిట్లనే అయితది."

కూసొని! ఆ మాట నర్మదకు ఎక్కడో తగిలింది. పొద్దున లేస్తే వాకిలి, అంట్లు, బర్రె పేడ, వంట. అవన్నీ ఎవరి లెక్కలోకీ రావు. ఆ తర్వాత చేట ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా బీడీలు చుట్టడం. కూర్చోకుండా బీడీ చుట్టే విద్య ఎవరైనా కనిపెట్టారా? మస్కట్‌లో ఉన్న మొగుడు సంపత్ మొన్న వీడియోలో, "ఫోన్ జర దూరం పెట్టవే, అంత నువ్వే ఉన్నవ్ అందుల," అని ఇకిలించాడు. తనూ నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఆ రోజు నుంచి తన మీద తనకే మంటగా ఉంది.

లక్సెట్టిపేటలో చూసే జమున డాక్టరమ్మ ఒక్కతే తనను కూర్చోబెట్టి అన్నీ విప్పి చెప్పింది. పెళ్లికి ముందు నుంచీ నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, ఒళ్లు రావడం, అన్నీ హార్మోన్ల గొడవేనంది. కడుపొచ్చాక మాయలో ఊరే హార్మోన్లు ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనీయవు, ఒంటి బరువు దానికి తోడైంది, అందుకే షుగర్ వచ్చిందంటూ తిండికి ముందు వేసుకునే ఇన్సులిన్ సూది రాసిచ్చింది. "షుగర్ ఎక్కువుంటే బిడ్డ కడుపుల మస్తు పెద్దగైతది. పుట్టంగనే దాని షుగర్ పడిపోవచ్చు, ఊపిరి ఆడక పరేషాన్ కావచ్చు. గట్లని మాడద్దు. సూది ఏసుకున్నంక తిండి తప్పితే నీ పాణం మీదికొస్తది. చెమటలు, వణుకు వస్తె చక్కెరో బెల్లమో ఎంబడే నోట్లె ఏసుకో. ఇందుల నీ తప్పేం లేదు బిడ్డా." ఇరవై ఆరేళ్లలో తన ఒంటి గురించి ఆ చివరి మాట అన్నవాళ్లు లేరు. నర్మద దాన్ని కొంగున ముడేసుకున్నట్టు ఇంటికి తెచ్చుకుంది.

కాంటా ఎక్కిన మర్నాటి నుంచి అత్త తన పళ్లెంలో రొట్టెను సగం చేసింది. నాలుగో రోజు సోమవారం. మధ్యాహ్నం సూది వేసుకుని వంటింట్లోకి పోతే గిన్నెలు బోర్లించి ఉన్నాయి. మిగిలిన అన్నం బర్రె కుడితిలో తేలుతోంది.

"ఇయ్యాల ఒక్కపొద్దుండు. పుణ్యమొస్తది, బరువు దిగుతది."

"సూది ఏసుకున్ననత్తా! ఇప్పుడు తినాలె."

"మందే గదా, కడుపుల ఉంటది తియ్. ముందు బీడీలు కానియ్."

కొట్లాడే ఓపిక లేక చేట ముందు కూర్చుంది. ఎప్పటిలా ఓర్చుకుందామనుకుంది. గంట తిరక్కముందే చేతులు వణికాయి, కత్తెర జారిపోయింది, జాకెట్టు తడిసి ముద్దయింది. గోడ మీది దేవుళ్ల పటాలు రెండుగా కనబడ్డాయి. కడుపు మీద చెయ్యేసి చూసుకుంది. బిడ్డ కదలట్లేదు, లేక తనకే తెలియట్లేదు. అప్పుడు పుట్టింది భయం. పోయినేడు కడుపు పోయే ముందు కూడా ఇలాగే ఓర్చుకుంది. ఓర్చుకుని ఏం దక్కించుకుంది?

చక్కెర డబ్బాను అత్త ఎప్పుడో దాచేసింది. ఇంట్లో తీపి అన్నది ఒక్క చోటే ఉంది. నర్మద గోడ పట్టుకుని దేవుని అర్రలోకి నడిచి, పసుపు రాసిన గోనెసంచి కుట్లు పీకి, బెల్లం ముద్దను గడపకేసి కొట్టి, పెళ్లను నోట్లో కుక్కుకుంది.

"ఓ అవ్వో!" శంకరవ్వ గుండెలు బాదుకుంది. "అమ్మ బంగారం ఎంగిలి జేస్తివి గదనే! ఏం పాపం తగుల్తదో!"

నర్మద నమిలింది. ఇంకో పెళ్ల తీసుకుంది. తొందరపడలేదు. కాసేపటికి వణుకు తగ్గింది. మరికాసేపటికి కడుపులో ఎడమవైపు గట్టిగా ఒక్క తన్ను తగిలింది. కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. లేచి వంటింట్లోకి పోయి రెండు జొన్నరొట్టెలు కాల్చుకుని, రెండు గుడ్లు పగలగొట్టి పొరటు చేసుకుంది. సోమవారమని గుర్తుంది, అయినా చేసుకుంది. పళ్లెం తెచ్చి అత్త ఎదురుగానే కూర్చుంది.

"సంపత్‌కు ఫోన్ జేస్త. నీ సంగతి చెప్త."

"చెయ్ అత్తా. నేనుగూడ మాట్లాడుత." రొట్టె తుంచింది. "నా ఎత్తు ఇస్తనని మొక్కింది నువ్వు. నేను బతికుంటెనే గద నా ఎత్తు? అమ్మకు కోపమొస్తె నా మీదనే రానియ్, నేను మాట్లాడుకుంట ఆమెతోని."

నర్మద రెండో రొట్టె కూడా పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"రేపు కడుపు నిండ తిని మళ్ల కాంటా ఎక్కుత. ఎంతొస్తె గంత బంగారం ఇద్దువు. అంజన్నను ఇంక జర గట్టిగ చదువుమను."