వీరమాతకు జోహార్లు

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు లేవు, కాలేజీ లేదు. మహబూబాబాద్ దగ్గరి తండాకు పోయే దారి లేక కవిత జనగామ హాస్టల్లోనే చిక్కుకుపోయింది. పొద్దుపోక సుమన్ నెట్ సెంటర్‌కు వెళ్లేది. ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, రోడ్ల మీద వంటావార్పులు, ఆటపాటల ధూంధాంలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడేవి. ఒకరు షేర్ చేసింది ఇంకొకరు షేర్ చేయగా, పాలకుర్తి పాటగాళ్లనూ నర్మెట్ట డప్పులనూ ఆమె మొదట చూసింది అక్కడే. పేపర్లో రాని తెలంగాణ అంతా ఇక్కడే ఉందని మురిసిపోయేది.

ఆ రోజు వర్షిణి షేర్ చేసిన వీడియో కనిపించింది. వర్షిణి కిరాణా సేటు రాజేశం బిడ్డ, కవిత క్లాస్‌మేటు. వీడియో మీద ఎవరో ఇలా రాశారు: ‘మహబూబాబాద్ వంటావార్పులో, ఉద్యమానికి కొడుకును అర్పించిన లంబాడీ తల్లి శోకం. వీరమాతకు జోహార్లు.’

నడిరోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ముసుగుల్లో మొహాలు కనిపించడం లేదు, స్పీకర్ లేక మాటలు వినిపించడం లేదు. కానీ ఒకామె ముసుగు అంచున ఊడిన అద్దాన్ని పచ్చదారంతో కుట్టింది కవితే. ఆమె తన తల్లి తుల్సీబాయి.

తుల్సీబాయికి ఉన్న ఒక్క కొడుకు కల్యాణ్ హైదరాబాదులో చదువుతున్నాడు. చదువుతున్నాడన్నది పేరుకే, జెండా పట్టుకుని తిరగడమే పని. ఇంటికి ఫోన్ చేయాలన్న ధ్యాస కూడా లేదు. ఎక్కడో ఒకచోట ఎవరి కొడుకో ఒంటికి నిప్పంటించుకున్నాడన్న కబురు వినని వారం లేదు. అన్నకు ఫోన్ చేసింది. స్విచాఫ్. నాయిన భద్రుకు చేసింది. అదీ అంతే. తండాలో కరెంటు ఉంటే కదా చార్జింగ్!

"సుమనన్నా, జర హెడ్‌ఫోన్ ఇయ్యవా?"

"ఒక్క చెవే పనిచేస్తది చెల్లె. గట్లయినవేంది? దవాఖానకు పోదామా?"

ఆ ఒక్క చెవిలోనే తల్లి గొంతు వినబడింది. తమ బాసలో రాగం తీస్తోంది: "ఓ నా చెల్లె జమ్లీ, ఎన్నేండ్లకు కనబడితివే! భూపాలపల్లి బొగ్గుబాయి నిన్ను మింగిందనుకుంటినే! నీ బర్రె ఈనిందా? నీ బిడ్డ పెద్దదయిందా?"

కవిత ఊపిరి పీల్చుకుంది. ఏడుపు కాదది, పలకరింపు. తండాలో చాన్నాళ్లకు కలిసిన ఆడవాళ్లు మెడలు పట్టుకుని రాగం తీసి ఏడుస్తూనే మంచీ చెడూ అడుగుతారు. తెలియనివాళ్లు ఎవరో చచ్చారనే అనుకుంటారు. నిరుడు జనగామ బస్టాండులో అమ్మ ఇలాగే ఎవరినో పలకరిస్తుంటే, "రోడ్ల మీద గట్ల ఏడ్వకు, ఇజ్జత్ పోతది" అని కసిరింది కవితే. సమ్మెతో బొగ్గుబాయి బందయి, ఏ లారీనో పట్టుకుని చిన్నమ్మ వచ్చినట్టుంది. అదీ సంగతి. వినకుండా చూసి తల్లి పలకరింపును చావు ఏడుపు అనుకున్న తాను ఊళ్లోవాళ్లను ఏమనగలదు? బల్ల మీద తల వాల్చి, సిగ్గూ సంతోషమూ కలిసి వెక్కివెక్కి ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని, ఇంకెవరెవరు షేర్ చేశారో కిందికి చూసుకుంటూ పోయింది. దండాలు, జోహార్లు, పిడికిళ్లు. కన్నీళ్లు కనబడితే చాలు, ఎందుకని అడిగే ఓపిక లోకానికి ఎక్కడిది? వాళ్ల నడుమ, కాసేపటి క్రితమే షేర్ చేసిన కల్యాణ్!

‘ఈ తల్లి కన్నీళ్లకు ఢిల్లీ జవాబు చెప్పాలె. నేను గూడ ఈ తల్లి కొడుకునే’ అని రాశాడు మహానుభావుడు.

ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. అందరి తల్లుల కోసం కొట్లాడే అన్న కన్నతల్లిని పోల్చుకోలేదు. కవిత దానికిందే రాసింది:

‘అవునన్నా, నువ్వు ఆమె కొడుకువే. అమ్మ జమ్లీ చిన్నమ్మను పలకరిస్తున్నది. చచ్చిపోయిన కొడుకువు నువ్వేనట. గీ ముచ్చట తండాకు చేరకముందే, నాయినకు కలిసేదాక ఫోన్ చేసి, బతికే ఉన్ననని చెప్పు.’