సుబ్బరాయప్ప చెంపదెబ్బ

ఆ కాలంలో మిట్టేమరి సుబ్బరాయప్ప గరడి అంటే చింతామణి దాకా పేరు. అక్కడ నేర్పే కుస్తీకి ఎంత పేరో, ఆయన చెంపదెబ్బకూ అంతే పేరు. శిష్యుణ్ణి బరిలోకి పంపే ముందు తప్పెటలు జోరందుకోవాలి, ఆయన చాచి ఒకటివ్వాలి, వాడు రోషంతో ఎగిరి దూకాలి. గురప్పలాంటి శిష్యులకు అది అమృతం. ఆ దెబ్బ పడకపోతే గురప్ప బరి పక్కన కూర్చుని ఆవులించే రకం.

మునినారాయణ సంగతి వేరు. గరడిలో ఎంతటివాణ్ణయినా మట్టి కరిపించేవాడు, జాతరలో మాత్రం ఓడిపోయేవాడు. చెంప ఛెళ్లుమనగానే కళ్లలో నీళ్లు తిరిగేవి, పట్టు జారేది. రెండేళ్లు అలాగే జరిగింది. మూడో ఏడు చింతామణి జాతర ముందు సుబ్బరాయప్ప తేల్చి చెప్పేశాడు.

"ఈసారి గాని పడితివా, ఇంక గరడి గడప తొక్కొద్దు. పోయి మడక దున్నుకో."

మునినారాయణకు అన్నం సయించలేదు. తండ్రి లేనివాడు. ఆ ఎర్రమట్టి వాసన, తెల్లారకముందే "లేయ్‌రా" అని సుబ్బరాయప్ప వేసే కేక, అవీ పోతే ఇక తనకేం మిగులుతుంది?

అతని భార్య మునిలక్ష్మమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆడవాళ్లు గరడిలోకి రాకూడదు గనక బయటే నిలబడి సుబ్బరాయప్పను పిలిచింది.

"అప్పా, ఆయప్పకు రోషం ఎక్కిస్తే పనికి రాడు. మా బావికాడికొచ్చి ఎడ్లతో కపిల తోలి నీళ్లు తోడేది చూడు."

"మంచి గొడ్డుకో దెబ్బ, మంచి మనిషికో మాట అంటారు గదమ్మా. దెబ్బ లేకుంటే గొడ్డు గూడా కదలదు."

"మనిషికి మాటే అనిరి గదప్పా! నువ్వు మనిషికే దెబ్బేస్తాండావు. ఆయప్ప గొడ్డుకు గూడా మాటే చెప్తాడు."

సుబ్బరాయప్ప మర్నాడు బావి దగ్గరికి వెళ్లాడు. మునినారాయణ కపిల మోకు మీద కూర్చుని పాడుతున్నాడు. ఎడ్లు వెనక్కి నడుస్తూ మిట్ట ఎక్కాయి. తోలుబాన నీళ్లలో మునిగేదాకా అతనికి తొందర లేదు. మునిగాక "దిగు నాయనా" అన్నాడు, ఎడ్లు బలమంతా పెట్టి దిగాయి, నిండిన బాన పైకొచ్చింది. చేతిలో ముల్లుకర్ర కూడా లేదు.

జాతర రోజు జంగమకోటె పైల్వాను బరిలో తొడ కొడుతున్నాడు. తప్పెటలు హోరెత్తుతున్నాయి. మునినారాయణ కళ్లు మూసుకుని చెంప ముందుకు పెట్టాడు. సుబ్బరాయప్ప చేయి లేచింది. లేచిన చేయి అతని తల మీద మెల్లగా వాలింది.

"తప్పెట ఆపండ్రా!"

జనం గొల్లున నవ్వారు. "ఏమప్పా, జోల పాడి పండబెడతావా?"

నిజంగానే పాడాడు. గొంతు ఏమాత్రం బాగాలేకపోయినా, మునినారాయణ చెవి దగ్గర వంగి ఆ కపిల పాటే అందుకున్నాడు.

మునినారాయణ గుండె కుదుటపడింది. జంగమకోటె వాడు తోసుకొస్తుంటే వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాడు. "పారిపోతాండాడు!" అని అరిచారెవరో. అతనికి తొందర లేదు. వాడి బరువంతా ముందుకు తూలింది.

"దిగు నాయనా!" సుబ్బరాయప్ప కేక వేశాడు.

మునినారాయణ బలమంతా పెట్టి వాడి కిందికి దిగాడు. దుమ్ము అణిగేసరికి జంగమకోటె పైల్వాను వెల్లకిలా పడి ఉన్నాడు.

జనం భుజాల మీదికి ఎత్తుకోబోతే విడిపించుకుని, తిన్నగా వచ్చి గురువు ముందు చెంప పెట్టాడు.

"అప్పా, అందరికీ ఇచ్చేది నాకియ్యలేదే?"

సుబ్బరాయప్ప నవ్వాడు, ఏడ్చాడు, ఛెళ్లున ఒకటిచ్చాడు. ఈసారి నీళ్లు తిరిగింది ఇద్దరి కళ్లలోనూ.

ఇది యుద్ధానికి ముందటి మాట. ఇప్పుడు దేశానికి స్వతంత్రం కూడా వచ్చేసింది. సుబ్బరాయప్ప పోయాడు, గరడి కప్పు కూలింది, పక్క బావికి ఆయిల్ ఇంజను వచ్చింది. మునినారాయణ మాత్రం కపిలే తోలుతున్నాడు. బాన మునిగేలోపు దొరికే ఆ కాస్త సందులో చేయి దానంతటదే చెంప మీదికి పోతుంది.

"ఇంకా నొప్పి ఉండాదా?" అని మునిలక్ష్మమ్మ ఎగతాళి చేస్తుంది.

"లేదే," అంటాడు మునినారాయణ. "అదే నా బాధ."